సాలుకు పన్నెండు జలుబులు

మా డైరెక్టరేట్‌లో మొదట్లో పసిపిల్లలకు జలుబు చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు తుమ్మేవాళ్ళు. ఆ అరాచకం ఎలా అంతమైందో చెప్పే అర్హత ఈ ఆఫీసులో నాకొక్కదానికే ఉంది. ఎందుకంటే దాన్ని అంతం చేసిన ప్రతి ఉత్తర్వూ నా చేతి రాతే.

మాది గుంటూరులో నమూనా పత్రాల డైరెక్టరేట్. తక్కిన శాఖలు పనులు చేస్తాయి. ఆ పనులు ఆలస్యం కావడానికి కావలసిన ఫారాలు మేం తయారు చేస్తాం. నా పేరు శేషుకుమారి, సి సెక్షన్ సూపరింటెండెంట్‌ని. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఒక్క వాక్యం కూడా చదివినవాడికి అర్థమయ్యేటట్టు రాయలేదని నాకు శాఖలో మంచి పేరుంది.

గత జూన్‌లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. యాభై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఆఫీసులో చంటిపిల్లల కోసం క్రెష్ పెట్టాలట. మేం యాభై ఇద్దరం. ఇద్దర్ని ఎక్కడికైనా డెప్యుటేషన్ మీద తోసేస్తే ఈ బాధ తప్పుతుందేమోనని మా డైరెక్టర్ పరాంకుశం గారు రెండు వారాలు ఆలోచించారు. వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోకపోయేసరికి కింద అంతస్తులోని పాత రికార్డు గది ఖాళీ చేయించి, సున్నం వేయించి, రిబ్బను కత్తిరించారు. దానికి శిశు సంరక్షణ విభాగమని పేరు పెట్టారు. మరియమ్మ అనే ఆమెను ఆయాగా పెట్టారు. ఆరుగురు పిల్లలు చేరారు.

ఆ ఆరుగురిలో ఆద్య ఒకతె. ఏడు నెలల పిల్ల. తల్లి హిమబిందు నా సెక్షన్లోనే జూనియర్ అసిస్టెంటు. వాళ్ళ నాన్న మా దగ్గర టైపిస్టుగా ఉండి సర్వీసులోనే పోతే, కారుణ్య నియామకం కింద ఈ అమ్మాయికి ఉద్యోగమిచ్చారు. భర్త ఒడిశాలో సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తాడు, రెండు నెలలకోసారి వస్తాడు. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన తల్లి. మరుసటి మార్చి నెలాఖరుకు హిమబిందు ప్రొబేషన్ పూర్తవుతుంది. అప్పటిదాకా ఒక్క రోజు కూడా అనుమతి లేని గైర్హాజరు ఉండకూడదు. ఉంటే ఉద్యోగం పోతుంది. ఆ ఇంటి అన్నం ఆ ఒక్క షరతు మీద నిలబడి ఉంది.

క్రెష్‌లో చేరిన నాలుగో రోజున ఆద్యకు ముక్కు కారింది. వారం తిరిగేసరికి ఆరుగురికీ కారింది. "పడిశెం పది రోగాల పెట్టు" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. దగ్గు, జ్వరం, విరేచనాలు, కళ్ళకలకలు ఒకదాని వెనక ఒకటి వరసకట్టాయి. తల్లులు ఒకరి తర్వాత ఒకరు సెలవు చీటీలు పెట్టారు. డైరెక్టర్ గారు నన్ను పిలిపించారు.

"శేషుకుమారి గారూ, మన ప్రాంగణంలోకి ముందస్తు అనుమతి లేకుండా వ్యాధి ఎట్లా ప్రవేశించింది? దీని మీద సమగ్ర నివేదిక కావాలి."

నివేదిక కోసం పిల్లల డాక్టరు రెహానా గారిని పిలిపించాం. ఆవిడ పిల్లల్ని చూసి, చేతులు కడుక్కుని, డైరెక్టర్ గారి ముందు కూర్చుంది.

"ఇందులో కంగారు పడాల్సిందేం లేదు సార్. ఇంట్లో ఒక్కతే పెరిగిన బిడ్డ పదిమంది మధ్యకొచ్చింది. వాళ్ళది వీళ్ళకి, వీళ్ళది వాళ్ళకి అంటుకుంటుంది. మొదటి ఏడాది పది పన్నెండు సార్లు జలుబు చెయ్యడం మామూలే. పోనుపోను ఒళ్ళే నేర్చుకుంటుంది, తగ్గిపోతాయి. ఆయా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బొమ్మలు రోజూ కడగాలి. జ్వరమొచ్చిన రోజు బిడ్డ ఇంట్లో ఉండాలి, తల్లికి సెలవివ్వండి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకురండి."

ఆవిడ పావుగంట మాట్లాడింది. డైరెక్టర్ గారు డైరీలో ఒక్క ముక్క రాసుకున్నారు: పన్నెండు.

మిగతాదంతా మినిట్స్‌లోకి రాలేదు. చేతులు కడగడం నీళ్ళ సరఫరా వాళ్ళ పరిధిలోకి వస్తుందట, సబ్బు కొనాలంటే స్టోర్సు వాళ్ళ టెండరు కావాలట. పన్నెండు మాత్రం స్పష్టంగా మా పరిధిలోనే ఉంది, ఎందుకంటే అది అంకె.

"చూశారా, నిపుణులే నిర్ధారించారు. సాలుకు పన్నెండు. అంటే నెలకొకటి. క్యాజువల్ లీవు లాగా ఎంత చక్కగా సరిపోయిందో! సర్క్యులర్ పెట్టండి," అన్నారు డైరెక్టర్ గారు.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు నేను సర్క్యులర్ రాశాను. దాని సారాంశం ఇది: "శిశు సంరక్షణ విభాగమునందు నమోదైన ప్రతి శిశువునకు క్యాలెండరు సంవత్సరమునకు పన్నెండు (12) జలుబులు మంజూరు చేయడమైనది. సదరు జలుబులను ఆదివారములతో గాని, ప్రభుత్వ సెలవు దినములతో గాని కలిపి వాడుకొనరాదు. వినియోగింపబడని జలుబులు డిసెంబరు 31తో రద్దగును. జలుబు ప్రారంభమగుటకు ముందుగానే నమూనా 4-జ సమర్పించవలెను." జూన్‌లో చేరిన పిల్లలకు కూడా పన్నెండూ ఇవ్వడం డైరెక్టర్ గారి ఔదార్యం. ఆ సంగతి ఆయన ప్రతి మీటింగులోనూ చెప్పేవారు.

నమూనా 4-జ కూడా నేనే గీశాను. "ప్రతిపాదిత జలుబు ప్రారంభ తేదీ", "కారు నాసిక: కుడి / ఎడమ / రెండును" అనే గళ్ళు అందులో ఉన్నాయి. అప్పట్లో అది నాకు చాలా ముచ్చటగా కనిపించింది.

సర్క్యులర్ తీసుకుని కిందికి వెళ్ళి మరియమ్మకు చదివి వినిపించాను. ఆమె ఒళ్ళో ఒక పిల్ల, భుజాన ఒక పిల్లాడు ఉన్నారు.

"ఏందమ్మా ఇది? ముక్కు కారటానికి గూడా కాయితం పెట్టాల్నా? నేను ముగ్గుర్ని పెంచా. ఏ ఒక్కడూ నాకు చెప్పి దగ్గలా," అంది.

"రూలు, మరియమ్మా."

"రూలు తమరికి తెలిసిద్ది. ముక్కుకేం తెలిసిద్ది?"

ఆ ప్రశ్న మా పరిధిలోది కాదు గనక నేను పైకి వచ్చేశాను.

జూలై మొదటి పది రోజుల్లోనే హిమబిందు ఫారం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళకింద చారలు, భుజం మీద పాలమరక.

"మేడం, ఈ నెల ఇది రెండోది. నెలకొకటే కదా. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"వచ్చే నెలది అడ్వాన్సుగా వాడుకుంటానని పెట్టుకో. సార్‌ని నేనడుగుతాను."

డైరెక్టర్ గారు తల్లినీ పిల్లనీ ఇద్దర్నీ హాజరుపరచమన్నారు. హిమబిందు ఆద్యను ఎత్తుకుని నిలబడింది. డైరెక్టర్ గారు కళ్ళజోడు సర్దుకుని పిల్ల ముక్కు కేసి చూశారు.

"శిశువు వయస్సు?"

"ఎనిమిది నెలలు సార్."

"ఎనిమిది నెలలకే ముందస్తు వినియోగం! పొదుపు చిన్నప్పటినుంచే అలవాటు చేయాలమ్మా. ఈ ఒక్కసారికి ప్రత్యేక సందర్భంగా పరిగణిస్తున్నాను. దీన్ని పూర్వోదాహరణగా చూపరాదు."

ఆద్య ఆయన పేపర్‌వెయిట్ అందుకుని నోట్లో పెట్టుకుంది. పూర్వోదాహరణ గురించి ఆ పిల్లకు పట్టింపు ఉన్నట్టు లేదు. ఆగస్టు నెలాఖరుకు ఆ పిల్ల పన్నెండింట్లో పది జలుబులు వాడేసింది. ఇంకా రెండే మిగిలాయి.

అంతలో ఆడిట్ వాళ్ళొచ్చారు. వాళ్ళు జలుబుల రిజిస్టరు చూసి చాలా మెచ్చుకున్నారు గానీ, ఒక్కచోట ఆగిపోయారు. ఆ ఆరుగురి తర్వాత చేరిన మా జీపు డ్రైవరు యోహాను కొడుకు శామ్యూల్ పేజీ ఖాళీగా ఉంది. పిల్లాడు గుండ్రాయిలా ఉన్నాడు, ఒక్కసారి కూడా తుమ్మలేదు. "మంజూరైన సౌకర్యము వినియోగించకపోవుటకు కారణములు తెలుపవలెను" అని అభ్యంతరం రాశారు. డైరెక్టర్ గారు యోహానును పిలిచి కేకలేశారు.

"నీ కొడుకు వల్ల శాఖ మొత్తానికి మచ్చ వచ్చిందయ్యా!"

"సార్, వాడికి పైన ముగ్గురు అన్నలు. బడి నించి అయ్యన్నీ తెచ్చి వాడికి ఎప్పుడో అంటించేశారు సార్. ఇప్పుడు రమ్మన్నా రావటంలా," అన్నాడు యోహాను చేతులు నలుపుకుంటూ.

"సాకులొద్దు. త్రైమాసికం ముగిసేలోగా కనీసం మూడు చూపించాలి."

యోహాను శామ్యూల్‌ను తెచ్చి ఆద్య పక్కనే పడుకోబెట్టాడు. ఆద్యకు పదకొండో జలుబు వచ్చింది. శామ్యూల్ మాత్రం హాయిగా నిద్రపోయాడు.

సెప్టెంబరు ఇరవయ్యో తారీఖుకు ఆద్య పన్నెండూ అయిపోయాయి. ఇరవై రెండున మళ్ళీ ముక్కు కారింది. ఇక్కడే ఆఫీసు యంత్రాంగం మొత్తం స్తంభించింది. లేని నిల్వలోంచి జలుబు ఎట్లా తీస్తారు? డైరెక్టర్ గారు ఒక పూటంతా కిటికీలోంచి చూస్తూ ఆలోచించి, చివరకు నాచేత అనుబంధ ఉత్తర్వు రాయించారు. "ఖాతాలో జలుబు నిల్వ లేని శిశువు ఆరోగ్యవంతమైనదిగా పరిగణింపబడును. ఆరోగ్యవంతమైన శిశువును విభాగమునకు పంపక ఇంటివద్ద నుంచుకొనుట, అట్టి కారణముపై తల్లి విధులకు గైర్హాజరగుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును."

అంటే ఏమిటో నాకు తెలుసు. ఇక నుంచి ఆద్యకు జ్వరం వచ్చినా రాదు. తెలిసే రాశాను. రాసి, హిమబిందు ముందు పెట్టి సంతకం తీసుకున్నాను. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది.

"అంటే జ్వరంతోనే తీసుకురావాలా మేడం?"

"మార్చి దాకా ఓర్చుకో తల్లీ. ప్రొబేషన్ అయిపోతే నువ్వు కూడా మాలాగా ఎంచక్కా జబ్బు పడొచ్చు," అన్నాను. నేను నవ్వించాలనే అన్నాను, ఆ అమ్మాయి నవ్వలేదు.

ఆనాటినుంచి మా క్రెష్‌లో రికార్డుల ప్రకారం ఆరోగ్యం వెల్లివిరిసింది. నిల్వలు అయిపోయిన పిల్లలంతా ఒక్కొక్కరే ఆరోగ్యవంతులైపోయారు. అంటే జ్వరంతో కాలిపోతూ చాప మీద వరసగా పడుకుని ఉండేవాళ్ళు. తల్లులు పైన ఫారాలు గీస్తూ గంటకోసారి మెట్లు దిగేవాళ్ళు. అక్టోబరు నివేదికలో అస్వస్థత సున్నా అని చూపించాం. పైవాళ్ళు ముగ్ధులై మా విభాగాన్ని ఆరోగ్య ఆదర్శ కార్యాలయం అవార్డుకు ఎంపిక చేయదలచి, నవంబరులో పరిశీలనకు కమిటీని పంపుతామన్నారు.

కమిటీ వచ్చిన రోజు గేటుకు మామిడి తోరణాలు కట్టారు. పదకొండు గంటలకు డైరెక్టర్ గారు కమిటీలోని ముగ్గురికీ జీడిపప్పు పెడుతూ రిజిస్టరు చూపిస్తున్నారు. నేను ఫైళ్ళతో పక్కన నిలబడ్డాను. తలుపు తోసుకుని హిమబిందు వచ్చింది. చేతుల్లో ఆద్య ఉంది. వెనకే మరియమ్మ ఉంది.

"సార్, పాపకి ఊపిరి అందటం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పర్మిషన్ ఇవ్వండి సార్," అంది హిమబిందు.

డైరెక్టర్ గారు కమిటీ వైపు చూసి చిరునవ్వు నవ్వారు. తర్వాత రిజిస్టరు పేజీ తిప్పారు.

"ఆద్య, తండ్రి పేరు సురేంద్ర. నిల్వ శూన్యం. అమ్మా, రికార్డు ప్రకారం ఈ శిశువు ఆరోగ్యంగా ఉంది."

"సార్, ఒక్కసారి చూడండి సార్."

"చూడవలసింది నేను కాదమ్మా, రికార్డు. ఖాతాలో లేని జ్వరానికి నేను అనుమతినిస్తే రేపు ఆడిట్‌కు ఎవరు జవాబు చెబుతారు? జనవరి ఒకటి వరకు ఆగండి. కొత్త కోటా వస్తుంది."

"జనవరి దాకానా?" అని మరియమ్మ ముందుకొచ్చింది. "అయ్యా, పిల్లదాని డొక్కలు ఎట్టా ఎగరేస్తా ఉన్నయ్యో కనపడతల్లా మీకు? పెదాలు నల్లబడినయ్యి. పొద్దున్నించి చుక్క పాలు తాగలా. మీ పొత్తకంలో ఏముంటే నాకేంది!"

కమిటీలో ఒకాయన ఇబ్బందిగా కదిలి, "ఈ శబ్దం, గురగుర, ఆ పాపదేనా?" అని అడిగాడు.

"పాపది కాదండి, ఫ్యాను," అన్నారు డైరెక్టర్ గారు.

హిమబిందు నా వైపు చూసింది. నేను తలొంచుకుని ఫైలు తాడు ముడి విప్పి, మళ్ళీ వేశాను. ముప్పై ఒక్కేళ్ళుగా ఎవరైనా నా వైపు చూసినప్పుడు నేను చేసే పని అదే. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి మెట్లు దిగి పరుగెత్తింది. కింద కమిటీ కోసం సిద్ధంగా పెట్టిన జీపుంది. యోహాను ట్రిప్ షీటు రాయకుండా, ఎవర్నీ అడగకుండా తల్లినీ పిల్లనీ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. భోజనానికి కమిటీ వాళ్ళు ఆటోలో వెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజు జరిగిన ఘోరమంటూ ఉంటే మా ఆఫీసు దృష్టిలో అదే.

సాయంత్రం ఆఫీసయ్యాక నేను ఆసుపత్రికి వెళ్ళాను. నిమోనియా అన్నారు. ఆద్య ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంది. హిమబిందు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పిల్ల పాదం పట్టుకుని ఉంది. రెహానా గారు నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది.

"ఇంకో రెండు మూడు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను చెప్పలేను. జూన్‌లోనే చెప్పాను కదండీ, డొక్కలెగరేస్తే ఆలోచించొద్దని. ఆగమన్నదెవరు?"

"ఆఫీసు," అన్నాను.

"ఆఫీసంటే ఎవరు?"

బస్టాపు దాకా నడుస్తూ నాకు సిగ్గేసింది. ఆఫీసంటే నేనే. పిల్లకు జ్వరం రాదని నీలి సిరాతో రాసింది నేను.

ఆ సిగ్గు తెల్లవారి పది గంటల వరకు ఉంది. పదింటికి డైరెక్టర్ గారు పిలిచి హిమబిందుకు షోకాజ్ మెమో రాయమన్నారు, రాశాను. యోహానును పనిలోంచి తీసేయమన్నారు, అదీ రాశాను. నిమోనియా విషయంలో మాత్రం ఆయనకొక సాంకేతిక సందేహం వచ్చింది. జలుబుకు కోటా ఉంది. మరి నిమోనియాకు? "సాలుకు ఎన్ని నిమోనియాలు సహజమో తెలుపగలరు" అని రెహానా గారికి లేఖ రాయించారు. ఆవిడ జవాబు ఒక్క లైను: "ఒక్కటి కూడా సహజం కాదు."

"భేష్! అంటే మంజూరైనవి సున్నా. కనుక ఇది పూర్తిగా అనధికార నిమోనియా," అన్నారు డైరెక్టర్ గారు.

మెమోలో మూడు ప్రశ్నలున్నాయి. నిల్వ లేకుండా శిశువు ఏల అస్వస్థతకు లోనయ్యెను? అనుమతి పొందకుండా తల్లి ఏల ప్రాంగణము విడిచెను? భవిష్యత్తులో అట్లు జరుగదని శిశువు హామీ ఇవ్వగలదా? ఆరు రోజుల తర్వాత హిమబిందు జవాబు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు.

"ఒకటో దానికి జవాబు నాకు తెలియదు. రెండు, పాపకు ఊపిరి అందలేదు, అందుకని వెళ్ళాను. మూడు, పాపకు ఇంకా మాటలు రావు. వచ్చాక అడిగి చెబుతాను."

నేను చదివాను. ఇంత తెలిసేటట్టు రాస్తే ఉద్యోగం ఉంటుందా? ఫైలు లోపలికి పంపాను. డైరెక్టర్ గారు రెండుసార్లు చదివి తల పంకించారు.

"సమంజసంగానే ఉంది. ప్రధాన సాక్షికి వాక్కు లేదు. మాటలు వచ్చేవరకు ఫైలు పెండింగులో ఉంచండి. ఆమె ప్రొబేషన్ కూడా."

అవార్డు మాత్రం ఆగలేదు, డిసెంబరులో వచ్చింది. ఆ శాలువా వేడిలో డైరెక్టర్ గారు వేదిక మీదనుంచే కొత్త సంస్కరణ ప్రకటించారు. పసివాళ్ళే ఇంత క్రమశిక్షణతో ఉండగా పెద్దలకేం తక్కువ? పెద్దల శరీరాలు ఇప్పటికే అన్నీ నేర్చుకున్నవి గనక, జనవరి నుంచి డైరెక్టర్ మొదలు అటెండర్ వరకు జలుబు కోటా సున్నా. ఆయన ఖాతా పేజీ కూడా నాచేతనే తెరిపించి, పైన "నిల్వ: శూన్యం" అని రాయించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నారు. తర్వాత పెద్దలం కూడా పిల్లల్లాగే ఆరోగ్యంగా తుమ్ముకుంటూ పనిచేశాం.

మార్చి వచ్చింది. ఆద్యకు పదహారు నెలలు. ఆ పిల్ల ఒళ్ళు నిజంగానే నేర్చుకుంది. జనవరి నుంచి ఒక్కసారే, అదీ ఒక పూట పడిశెం పట్టింది. మాటలు కూడా వచ్చాయి. "అమ్మ", "తాత", "బువ్వ" అంటోంది. మాటలొచ్చాయా అన్న గడికి మరియమ్మ మాత్రం ప్రతి నెలా "రాలా" అనే నాతో రాయిస్తోంది. కానీ ప్రొబేషన్ గడువు నెలాఖరు. అప్పటికి ఫైలు తేలకపోతే హిమబిందు ఇంటికి పోవాల్సిందే. ఇరవై ఆరో తారీఖున డైరెక్టర్ గారే స్వయంగా విచారణకు కిందికి దిగారు. పిల్లల కుర్చీలో ఎలాగో ఇరుక్కుని కూర్చుని, ఆద్యను ఎదురుగా నిలబెట్టి, మూడో ప్రశ్న చదివారు.

"శిశువా, భవిష్యత్తులో అస్వస్థతకు లోనుకానని హామీ ఇస్తున్నావా?"

ఆద్య పక్కన నిలబడిన కొత్త పిల్లాడొకడు, పూర్తి నిల్వతో వచ్చినవాడు, ఆయన ముఖం మీద ఫెళ్ళున తుమ్మాడు. డైరెక్టర్ గారు కళ్ళజోడు తుడుచుకుని విచారణ వాయిదా వేశారు.

ఇరవై తొమ్మిదిన ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చారు. ముప్పైన ఒళ్ళు కాలిపోతూ, బల్ల మీద తల ఆన్చి, సెలవు చీటీ నా సెక్షన్‌కు పంపారు. నేను నిబంధనలు చూసి నోటు పెట్టాను: "డైరెక్టరు వారి ఖాతాలో జలుబు నిల్వ శూన్యము. కావున వారు ఆరోగ్యవంతులుగా పరిగణింపబడుదురు. సెలవు మంజూరునకు వీలులేదు." నా సర్వీసులో అంత సంతోషంగా రాసిన నోటు మరొకటి లేదు.

ఆయన నన్ను లోపలికి పిలిచారు. గొంతు పూడుకుపోయింది.

"శేషుకుమారి గారూ, నిబంధన నిబంధనే, కాదనను. కానీ శిశువుల ఖాతాల నుంచి బదలాయింపుకు అవకాశం కల్పిస్తూ ఒక సవరణ రాయండి. ఎవరి దగ్గర నిల్వలున్నాయి?"

తల్లుల్ని అడిగాను. "మా వాడివే మావాడికి చాలట్లేదు మేడం" అన్నారు అందరూ. యోహానును తీసేసినప్పుడే శామ్యూల్ ఖాతా మూసేశాం గనక మిగిలింది ఆద్య, పదకొండు జలుబుల నిల్వతో. ఆ మాటే డైరెక్టర్ గారికి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, హిమబిందును అంగీకార పత్రం మీద సంతకం పెట్టమనండి అన్నారు.

"కుదరదండి. ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగి సంతకం అంగీకార పత్రాలకు చెల్లదు. అదీగాక ఆమె మీద మెమో పెండింగులో ఉంది," అన్నాను.

అది నిజంగా నిబంధనో కాదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. ముప్పై ఒక్కేళ్ళుగా నేను చెప్పిందే నిబంధన గనక ఆయన వాదించలేదు. మెమో ఉపసంహరణ, యోహాను పునర్నియామకం, ప్రొబేషన్ సంతృప్తికరంగా పూర్తయినట్టు ఉత్తర్వు, మూడూ అప్పటికే టైపు చేయించి, యోహానును కూడా కబురుపెట్టి కింద ఉంచాను. మూడింటి మీదా దగ్గుతూ సంతకాలు పెట్టారు.

హిమబిందు వచ్చింది. ఉత్తర్వు మొదటినుంచి చివరిదాకా చదివి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది. తర్వాత అంగీకార పత్రం మీద సంతకం చేసింది. పెన్ను మూతపెట్టి డైరెక్టర్ గారి వైపు చూసింది. ఆయన రొమ్ము పైకీ కిందికీ కొట్టుకుంటోంది.

"సార్, మీకు ఆయాసంగా ఉంది. ఇట్టా ఉన్నప్పుడు ఆగకూడదు సార్. ముందు ఆసుపత్రికి వెళ్ళండి. యోహానన్న కిందే ఉన్నాడు. కాగితాలు తర్వాత చూసుకోవచ్చు," అంది.

వెటకారం కాదు, నిజంగానే అంది. ఆ గదిలో ఆ మాట తన బిడ్డకు ఎవరూ అనలేదని ఆ అమ్మాయికి గుర్తు లేనట్టుంది. నాకు గుర్తుంది.

డైరెక్టర్ గారు చెయ్యెత్తి వారించారు.

"లేదమ్మా. బదలాయింపు పత్రం మీద రౌండ్ సీలు పడాలి. సీలు లేకుండా జలుబు చెల్లదు. తెప్పించండి శేషుకుమారి గారూ, నేను ఇక్కడే కూర్చుంటాను."

ఆయన అన్నంత పనీ చేశారు. మంకీ క్యాప్ కిందికి లాక్కుని, దగ్గుతూ, గోడ మీది తన సున్నా కింద కూర్చున్నారు. రౌండ్ సీలు నా సొరుగులోనే ఉంది. నేను మాత్రం మూడు అంతస్తులూ వెతికించాను.